గుడ్డముక్కల లెక్క

నా పని గుడ్డముక్కలు లెక్కపెట్టడం.
కడుపులోకి ఎన్ని వెళ్లాయో, ఎన్ని తిరిగొచ్చాయో.
పదిహేడేళ్లుగా ఇదే ఎక్కం.
వాన పడని రోజు లెక్క తప్పుతుందని మాలో ఒక నమ్మకం.
ప్వెర్తో మోంత్‌లో అలాంటి రోజు ఎలాగూ రాదు.

గురువారం పొద్దున ఏడింటికి, చిన్న గదిలో
దీపాలార్పి ఎదువీనా కడుపును గోడ మీద వేశారు.
బూడిదరంగు కడుపు. వెనకాల వెన్నెముక,
నీళ్లు తగ్గాక బయటపడ్డ పాత రేవులా.
"ఇక్కడ గోడ మందంగా ఉంది" అంది స్కాన్లు చదివే మకరేనా.
ఉల్లోవా ముసలాయన సూక్ష్మదర్శిని దగ్గర్నించి లేచొచ్చి
"ఉంగరాల్లాంటి కణాలు. ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకోవు,
విడివిడిగా నడిచిపోతాయి" అని
కాఫీలో చక్కెర కలుపుకున్నాడు.

కత్తి పట్టేవాడే మొదట మాట్లాడతాడనుకుంటారు జనం.
ఒయార్సో ఎప్పుడూ ఆఖర్న.
ఆ రోజు అడిగింది ఒక్కటే:
"ఈవిడ చేతులతో ఏం చేస్తుంది?"

ఫైల్లో బరువుంది, ఎత్తుంది, రక్తం గ్రూపుంది.
చేతుల సంగతి లేదు.

ఫోన్ చేశాం. చిలోయె ద్వీపం ఆరోగ్య కేంద్రంలో నర్సు
గాలి హోరులోంచి అరిచి చెప్పింది:
నేల మీద మగ్గం. మోకాళ్ల మీద వంగి
ఉన్ని దుప్పట్లు నేస్తుంది.
పడుగులో పోగు తెగితే
కళ్లు మూసుకుని వేలికొసతో పట్టుకుంటుంది.

మందుల డాక్టరు ఫ్రెసియా పెన్ను కింద పెట్టింది.
నాలుగు మందుల్లో ఒకటి వేళ్లను తింటుంది,
చలిలో మరీనూ. మా ఊళ్లో చలి లేని నెలేది?
తగ్గిస్తే గడ్డ మిగులుతుందేమో.
తగ్గించకపోతే మనిషి మిగిలి వేళ్లు పోతాయేమో.
ఊరికే ఉండలేక లెక్కపెట్టాను:
గంటలో పదకొండు 'ఏమో'లు.

చివరికి ఆవిణ్ణే అడిగారు.
పడవ దిగి, తడిసిన శాలువాతో వచ్చి కూర్చుంది.
ఒయార్సో కుర్చీ దగ్గరికి లాక్కుని
తెలిసింది తెలిసినట్టు, తెలియనిది తెలియనట్టు చెప్పాడు.
పది వేళ్లూ ఒళ్లో పరిచి చూసుకుంది.
"పూర్తిగానే ఇవ్వండి.
పోగు దొరకనప్పుడు నేనే చెబుతా."
ఏ పుస్తకంలోనూ లేని కొలత. ఫ్రెసియా రాసుకుంది.

మూడో విడత తర్వాత చెప్పింది.
నాలుగో విడతలో ఆ సీసా వేలాడలేదు.

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు.
మా బల్ల మీద పడదు, ఎనిమిది చేతులు పట్టుకునుంటాయి.
అన్నాశయం మొత్తం తీసి, అంచు ముక్క ఒకటి కోసి
ఉల్లోవాకి పంపి, ఆగాం.
ఇరవై నిమిషాలు.
ఒయార్సో రెండు చేతులూ గుండెకానించి నిలబడ్డాడు.
మత్తు డాక్టరు బాస్తియాన్ ఆవిడ తల దగ్గర
ఒక్కో ఊపిరినీ చూస్తున్నాడు.
ఎవరో కూతురి పరీక్షల గురించి మొదలుపెట్టి మానేశారు.
ఫోన్ మోగింది. "అంచులో ఒక ఉంగరముంది."
ఇంకో వేలెడు పైకి.
ఇంకో ఇరవై నిమిషాలు.
"లేదు" అన్నాడు ముసలాయన. అంతే, పెట్టేశాడు.

పదో రోజున
ఉడికిన బంగాళాదుంప సగం ముందేసుకుని,
రోజుకి ఆరుసార్లు తినాలన్న నోయెమీ మీద విసుక్కుంటూ
ఎదువీనా చొక్కా ఎత్తి గీతను తడిమింది.
ఎడమచేతి రెండు వేళ్లు ఇంకా నిద్రలోనే ఉన్నాయి,
కుడిచేత్తో తడిమింది.
"ఇది ఎవరు కుట్టారు?"
వెనక నుంచి శిక్షణలో ఉన్న కుర్రది ముందుకొచ్చింది,
చెవులదాకా ఎర్రబడి.
"కుట్టు బావుంది. ఆఖరి ముడి వదులు."
ఒయార్సో అంతలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

ఆ రోజు గుడ్డముక్కలు నలభై రెండు వెళ్లాయి,
నలభై రెండూ వచ్చాయి. సంతకం పెట్టాను.
ఉంగరాల లెక్క మాత్రం ఎవరి దగ్గరా లేదు.

మళ్లీ గురువారం. దీపాలార్పారు.
గోడ మీద కొత్త కడుపు.
ఈసారి, ఒయార్సో నోరు తెరవకముందే,
చేతుల సంగతి మకరేనా అడిగింది.